అంగరఖాకు వైద్యం

ఒక్కటే అడుగుతాను, పక్కవాళ్ళ మొహాలు చూడకుండా జవాబు చెప్పండి: మీరు ప్రాణంగా చూసుకునే మనిషి నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని రొప్పుతుంటే, చూడనట్టు మొహం తిప్పుకున్న రోజు మీ బతుకులో ఒక్కటైనా లేదా?

ఉంది. అందరికీ ఉంది. కాబట్టి ఇది మొగలికొన రాజ్యంలో జరిగిందని నేను చెప్పినా, మీ వీధిలో జరిగిందనుకునే వినండి.

ఆ రాజ్యాన్ని చెన్నమల్లభూపతి ఏలేవాడు. ఇరవై రెండో ఏట పట్టం కట్టుకున్నాడు. దయగలవాడే, దానం చేసే చెయ్యే. ఒకటే జబ్బు: తన మాట తప్పని ఒప్పుకోడు. పొద్దున్నే మబ్బును చూసి "ఇవాళ వాన" అన్నాడంటే, సాయంత్రం దాకా చినుకు పడకపోయినా కొలువులో అందరూ గొడుగులేసుకుని కూర్చోవాలి.

ఆ వంశానికి ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకం నాడు తొడుక్కున్న ఎర్రపట్టు అంగరఖానే రాజు ఏటా అదే తిథినాడు తొడుక్కుని కొలువుకు రావాలి. అది ఒంటికి చక్కగా పడితే ఆ ఏడాది రాజ్యానికి మేలు. పట్టకపోతే కీడు. జనం కోటగుమ్మం దాకా వచ్చి మరీ చూసి వెళ్ళేవారు.

ఆ అంగరఖాను కాపాడే పని దర్జీ ఓబన్నది. తాత చేసిన పని, తండ్రి చేసిన పని. కొలువులో నాలుగు నవ్వు మాటలు చెప్పగల చొరవ కూడా అతనికుండేది. రాజుగారి దగ్గర సూదితో నిలబడి మాట్లాడగలిగినవాడు అతనొక్కడే.

పట్టం కట్టిన రెండో ఏటికే అంగరఖా పొట్ట దగ్గర బిగిసింది. ఎందుకు బిగియదు? పొద్దున నేతిలో ఈదే పూర్ణాలు. మధ్యాహ్నం రాణివాసం నుంచి ఒక పళ్ళెం, మంత్రిగారింటి నుంచి ఒకటి, సేనాపతి ఇంటి నుంచి మరొకటి. ఒక్కటి వద్దన్నా ఆ ఇల్లంతా అలుగుతుంది. "నా మీద ఒట్టు, ఈ ఒక్క అరిసె" అంటూ కొసరి కొసరి వడ్డించేవాళ్ళే గానీ, "చాలు బాబూ" అని చెయ్యి అడ్డుపెట్టేవాళ్ళు లేరు. తిన్నాక కునుకు. లేచాక మళ్ళీ పాయసం. స్నానాల గదికి పాతిక అడుగులు, అక్కడికీ పల్లకీయే.

ఓబన్న ఏం చేశాడు? నోరు తెరిచి చెప్పాడా? లేదు. రాజుగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ, అంగరఖా చంక కింద నుంచి నడుము దాకా కుట్టు విప్పి, రెండు వేళ్ళ వెడల్పున అదే ఎర్రపట్టు పట్టీ వేసి కుట్టేశాడు. తిథినాడు అంగరఖా హాయిగా పట్టింది. రాజుగారు అద్దం ముందు నిలబడి, "చూశావుటోయ్ ఓబన్నా, మేము వెంట్రుకవాసి కూడా మారలేదు!" అన్నాడు.

"ఏలినవారికి మార్పేమిటి ప్రభూ, మారితే అద్దాలే మారాలి" అన్నాడు ఓబన్న. అందరూ నవ్వారు.

ఆ నవ్వు తీయగా ఉంది. మరుసటి ఏడు ఇంకో పట్టీ. ఆ పై ఏడు ఇంకొకటి. అలా పదకొండేళ్ళు, పదకొండు పట్టీలు.

అతన్నొక్కణ్ణే అనడమెందుకు? వడ్రంగి సింహాసనాన్ని జానెడు వెడల్పు చేశాడు, ఎవరికీ చెప్పలేదు. తాపీవాడు కొలువు మెట్లను ఒక్కోటీ బెత్తెడు తగ్గించాడు, వాడూ చెప్పలేదు. పల్లకీ మోసేవాళ్ళు నలుగురు కాస్తా ఎనిమిదిమంది అయ్యారు. కోటంతా కలిసి ఒక మనిషికి తన ఒళ్ళు తనకు తెలియకుండా చేసింది. భయంతో కొంత, ప్రేమతో కొంత. ఏది ఎంతో వాళ్ళకే తెలియదు.

పదకొండో ఏడు తిథినాడు కొలువుకొస్తూ రాజు మూడో మెట్టు మీద ఆగిపోయాడు. ఛాతీ ఎగిసిపడుతోంది. చెమట ధారకట్టింది.

ఆస్థాన వైద్యుడు యల్లంభట్టు ముందుకొచ్చాడు. ముసలాయన, మాట మొరటు, మనసు మంచిది. "ప్రభూ, దాచి లాభం లేదు. ఒళ్ళు బాగా పెరిగింది. ఊపిరికి చోటు చాలడం లేదు. తిండి తగ్గించి, రోజూ నడవకపోతే మీరు ఎంతోకాలం ఉండరు" అన్నాడు, నిండు కొలువులో.

రాజు మొహం అంగరఖా కంటే ఎర్రబడింది.

"పెరిగామా? మేమా? భట్టూ, ఇది ఏ అంగరఖా?"

"పట్టాభిషేకం నాటిది ప్రభూ."

"బిగిసిందా?"

వైద్యుడు దగ్గరికొచ్చి చూశాడు. ఎక్కడా బిగువు లేదు. "లేదు ప్రభూ... వదులుగానే ఉంది."

"మరి పెరిగిందెవరు? నీ కళ్ళకు పొర పెరిగిందా?"

ముసలాయన అంగరఖా వంక, రాజు వంక, మళ్ళీ అంగరఖా వంక చూశాడు. తర్వాత కొలువు మొత్తాన్ని చూశాడు, ఎవరైనా ఒక మాట సాయం వస్తారేమోనని. ఆయన చూపు ఓబన్న మీద కూడా పడింది.

ఓబన్న అక్కడే ఉన్నాడు, రెండడుగుల దూరంలో. చేతిలో సూది ఉంది. నోట్లో నాలుక ఉంది. తల దించుకుని దారం సరిచేసుకున్నాడు.

"రాజు పెరిగాడన్నవాడు పొలిమేర దాటాలి! ఇదే మా తీర్పు" అన్నాడు చెన్నమల్లభూపతి. యల్లంభట్టు కూతుర్ని వెంటబెట్టుకుని, మందుల మూట భుజాన వేసుకుని, ఆ సాయంత్రమే కొండ దాటి పొరుగు రాజ్యానికి వెళ్ళిపోయాడు.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు కొత్త అంగీకి కొలత తీయడానికి ఓబన్న వెళ్ళాడు. ఛాతీ చుట్టూ కొలతాడు తిప్పాలంటే దర్జీ చెవి రాజు గుండెకు దగ్గరగా వస్తుంది. లోపల పాత కొలిమితిత్తిలా గురగుర. కూర్చున్న మనిషికే ఆ శబ్దం! ఓబన్న చేతిలోంచి కొలతాడు జారిపోయింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు, ముద్ద ఎత్తలేదు.

"ఏమైందయ్యా?" అంది భార్య లచ్చమ్మ.

"రాజుగారు వచ్చే తిథి చూడరే."

లచ్చమ్మ గరిటె కింద పెట్టింది. "మరి చెప్పు."

"చెబితే పొలిమేర అవతల పడేస్తారు."

"ఆ ముసలాయన్ని పడెయ్యలేదూ? ఆయనకు ఉన్నపాటి వెన్నెముక నీకు లేదా? పదకొండేళ్ళుగా కుట్లు విప్పుతున్నావు గానీ ఒక్కనాడూ నోరు విప్పలేదు. ఆ రాజు పోతే చంపింది నెయ్యి కాదు, నీ సూది!"

"నోటితో చెబితే వినే మనిషి కాదే ఆయన. తను పెరగలేదని తీర్పిచ్చాడు. ఆ తీర్పు తప్పంటే ప్రాణమైనా వదులుతాడు గానీ..."

"అయితే ఆ తీర్పు తప్పనకు. ఒప్పే అను!" అంది లచ్చమ్మ విసురుగా. "ఒప్పయితే ఏమవుతుందో చూపించు."

 ఓబన్న ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు కొలువులోకి అంగరఖాను బిడ్డలా ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ, ఘోరం! మన అంగరఖాకు జబ్బు చేసింది!"

"బట్టకు జబ్బేమిటోయ్?"

ఓబన్న తన తండ్రి దాచిన పెట్టె తెరిచాడు. అందులో పట్టాభిషేకం నాటి కొలతాడు, ముడులతో, పెద్దరాజుగారి లక్క ముద్రతో ఉంది. ముద్ర అందరికీ చూపించి, తాడు తీసి, అంగరఖా నడుము చుట్టూ తిప్పాడు. రెండు కొసలూ కలవలేదు. మధ్యలో మూరెడు ఎడం!



"తాడు కుంచించుకుపోయింది" అన్నాడు మంత్రి అక్కిరాజు తడుముకుంటూ.

"మంత్రిగారూ, ఇదే తాడు మీద కిరీటం కొలతకు వేసిన ముడి ఇవాళ్టికీ కిరీటం చుట్టుకు సరిగ్గా సరిపోతోంది. తాడు కుంచించుకుపోయిందంటే, కిరీటమూ కుంచించుకుపోయిందంటారా?" అని ఓబన్న కొలువు వైపు తిరిగాడు. "కొలతాడు అబద్ధమాడదు. ప్రభువులు పెరగలేదన్నది నిండుకొలువులో ఇచ్చిన తీర్పు, అదీ అబద్ధం కాదు. రెండూ నిజమైతే, అయ్యా, పెరిగిందెవరు?"

ఓబన్న అంగరఖాను పైకెత్తి చూపించాడు.

"అంగరఖా! అంగరఖాయే పెరిగింది. రాజ్యానికి మేలుకీడులు చెప్పే బట్ట పదకొండేళ్ళలో మూరెడు పెరిగిందంటే అది మామూలు జబ్బా?"

అక్కిరాజు అంగరఖా అందుకుని తిరగేశాడు. చంకల కింద కుట్లు వరుసగా కనిపిస్తూనే ఉన్నాయి. తలెత్తి ఓబన్న కళ్ళలోకి చూశాడు. కుట్లు చూశానంటే రాజు పెరిగాడన్నట్టే. రాజు పెరిగాడంటే పొలిమేర. మంత్రి అంగరఖాను జాగ్రత్తగా మడిచాడు. "అవును ప్రభూ, అంగరఖా... కొంచెం ఒళ్ళు చేసింది" అన్నాడు.

రాజు సింహాసనంలో అటూ ఇటూ కదిలాడు. తన తీర్పు తనకే గోడై అడ్డం నిలబడింది. "దీనికి... వైద్యం ఉందా?"

"ఉంది ప్రభూ. రోజూ తెల్లవారకముందే దీన్ని నడిపించాలి."

"అంగరఖాను నడిపించడమా! దానికి కాళ్ళేవీ?"

"లేవు ప్రభూ. పట్టం కట్టుకున్న ఒంటి మీద తప్ప అది నడవదు. పల్లకీలో నడిస్తే పల్లకీకే మేలు, దీనికి కాదు. ఇక పథ్యం. నేతివాసన తగిలితే ఉబ్బిపోతుంది. కాబట్టి దీన్ని తొడుక్కుని భోజనానికి కూర్చున్నప్పుడు జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు, పల్చని మజ్జిగ. పొద్దుగూకాక దీని ముందు విస్తరి వెయ్యకూడదు."

"ఇదంతా ఎవరు చెయ్యాలి?"

"ఏలినవారికి ఆ శ్రమ ఎందుకు? కానీ రాజ్యం మేలు ఏలినవారిది కదా!"

మొదటి రోజు కోటగుమ్మం దాకా నడవడానికి రాజుకు ఆరుసార్లు కూర్చోవలసి వచ్చింది. కూర్చున్నప్పుడల్లా, "అంగరఖా అలిసిపోయిందోయ్" అనేవాడు. "అవును ప్రభూ, పాపం కూర్చోబెడదాం" అనేవాడు ఓబన్న. ఒక్కనాడూ రాజును ఒంటరిగా పంపలేదు. తనూ పక్కన నడిచాడు. రాజు ఆగితే ఆగాడు, లేస్తే లేచాడు.

మూడో వారం రాజుకు తొందర పుట్టింది. "మూడు రోజులు దీనికి తిండే పెట్టకపోతే ఒక్కసారే తగ్గుతుంది కదా?" అని ఉపవాసం మొదలుపెట్టాడు. నాలుగో రోజు కళ్ళు తిరిగి, వంటింట్లోకి వెళ్ళి పదహారు బొబ్బట్లు తిన్నాడు. ఓబన్న కోప్పడలేదు, నవ్వనూ లేదు. "పట్టును ఒక్కసారే లాగితే చిరుగుతుంది ప్రభూ. రేపు మళ్ళీ గుమ్మం దాకా వెళదాం" అన్నాడు.

వెళ్ళారు. గుమ్మం దాకా, తర్వాత ఏతంబావి దాకా, తర్వాత జొన్నచేల చివరి దాకా. ఒకరోజు చేలో పిట్టలు తోలే ముసలమ్మ, రాజని తెలియక, అంబలి ముంత ఇచ్చింది. తాగి ఇంకో ముంత అడిగాడు. "ఓయబ్బో, ఒకటి చాల్లే నాయనా, పొట్టా పాతరా?" అంది. పుట్టి బుద్ధెరిగాక "చాలు" అన్న మాట ఆయన వినడం అదే మొదలు. దారంతా నవ్వుకుంటూ వచ్చాడు.

ప్రతి పున్నమికీ కొలువులో అంగరఖాను కొలిచేవారు. కొలిచే ముందు, రాజు ఒళ్ళు ఎంత తగ్గితే అంతే, ఓబన్న ఒక పట్టీ విప్పేవాడు. కొన్ని నెలలు అసలు విప్పడానికే లేదు. "ఈ నెల జబ్బు మొండికేసింది" అని చెప్పి ఊరుకునేవాడు.

మళ్ళీ తిథి వచ్చింది. చెన్నమల్లభూపతి కొలువు మెట్లన్నీ ఆగకుండా ఎక్కాడు. జనం కేరింతలు కొట్టారు. ఏడు పట్టీలు పోయాయి.

రాజు సింహాసనం మీద కూర్చుని, పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు పక్కన చామరం వీచేవాళ్ళు కూడా నవ్వేశారు. "ఓబన్నా, ఇక చాలించవోయ్ నీ వైద్యం! మూడో నెలలోనే ఏతంబావి దగ్గర చెమట ఆరబెడుతూ చంక కింద కుట్లు చూశాం. ఒక్కో పట్టు ఒక్కో ఏడాది వన్నెలో ఉంది. అంగరఖా పెరగలేదు. మేమే పెరిగాం!"

 ఆయన నోట ఆ మాట!

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు ప్రభూ?" అన్నాడు ఓబన్న.

"అడిగితే అబద్ధం తేలిపోతుంది. తేలిపోతే నడక ఆగిపోతుంది. నడక అప్పటికే తీపి అయింది." రాజు కళ్ళు తుడుచుకున్నాడు. "అది సరే, నాలుగు పట్టీలు ఇంకా ఉన్నాయేం?"

"అవి వయసువి ప్రభూ. ఉండనివ్వండి."

రాజు మళ్ళీ నవ్వాడు. "మమ్మల్ని బతికించావు. ఏం కావాలో కోరుకో. ఊరా? మాన్యమా?"

"యల్లంభట్టుగారిని వెనక్కి పిలిపించండి ప్రభూ. అంతే."

రాజు నవ్వు సన్నగిల్లింది. "నువ్వే వెళ్ళి తీసుకురా. మా పల్లకీ తీసుకెళ్ళు" అన్నాడు.

ఖాళీ పల్లకీ వెంట ఓబన్న కొండ దాటాడు. పొరుగు రాజ్యంలో చిన్న గుడిసె. గుమ్మంలో వేర్లు దంచుతూ ఒక యువతి. భట్టుగారి కూతురు కామాక్షి.

"అమ్మా, రాజుగారు నాన్నగారికి పల్లకీ పంపారు."

ఆమె రోకలి ఆపింది. "నాన్న పోయి మూడు నెలలైంది."

ఓబన్న గుమ్మం ముందు నేల మీద కూర్చున్నాడు.

"రాజుగారు కుదుటపడ్డారా?" అని అడిగింది.

"పడ్డారమ్మా. నడుస్తున్నారు. మితంగా తింటున్నారు."

"నాన్న చెప్పింది అదే కదా! నాన్న చెబితే తరిమారు. మీరు చెబితే నవ్వారా?" కామాక్షి రోకలి పక్కన పెట్టింది. "నన్ను తినేస్తున్నది అది కాదు. నాన్న ఆ రోజు నుంచీ ఇంకొకరి నాడి పట్టలేదు. జబ్బుపడ్డవాళ్ళు గుమ్మంలో నిలబడితే, 'నా కళ్ళు పోయాయి నాయనా, ఇంకొకర్ని చూసుకోండి' అనేవాడు. చివరి రోజున కూడా ఒకటే మాట: 'అమ్మాయీ, ఒళ్ళు అంత పెరిగితే ఆ అంగరఖా ఎలా పట్టిందే?'"

ఓబన్నకు ఆ మాట చెప్పడానికి పన్నెండేళ్ళు పట్టింది. "పట్టీలు వేసింది నేనమ్మా. మీ నాన్నగారు చూసింది నిజం. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను."

కామాక్షి అతని వేళ్ళ వంక చూసింది. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టింది. తలుపు వేసుకుంది.

ఖాళీ పల్లకీ ఖాళీగానే తిరిగొచ్చింది. విన్నది విన్నట్టు ఓబన్న చెప్పాడు. చెన్నమల్లభూపతి సింహాసనం దిగి, కొలువు మధ్యలో నిలబడ్డాడు. "మేము పొరబడ్డాం. యల్లంభట్టు చెప్పింది నిజం" అన్నాడు. ఊరూరా చాటింపు వేయించాడు. కోటగుమ్మం దగ్గర ప్రజలు విన్నారు, కొండ మీద పశువుల కాపర్లు విన్నారు. వినవలసిన చెవులు మాత్రం మట్టిలో కలిసిపోయాయి.

ఓబన్న ఊరూ మాన్యమూ తీసుకోలేదు. రాజు ఎంత బలవంతపెట్టినా, ఇచ్చిన శాలువా కూడా భుజాన వేసుకోలేదు.

జనం ఈ కథ చెప్పుకుని ఓబన్న తెలివిని మెచ్చుకుంటారు. నాకు ఆ తెలివి మీద కోపం. పదకొండేళ్ళు ఆలస్యంగా వచ్చిన తెలివి ఒక మనిషిని బతికించింది, ఇంకొక మనిషి నమ్మకాన్ని చంపింది. ఒళ్ళు చేయడం నేరమని నేను అనడం లేదు. ఒకరి ఆయాసాన్ని తీయని మాటలతో కప్పిపెట్టడం నేరమంటున్నాను.

కాబట్టి చప్పట్లు వద్దు. మీ ఇంట్లో మీరు చూడనట్టు ఉంటున్న మనిషి ఎవరో మీకు ఇప్పటికే గుర్తొచ్చింది. ఈ పూట వాళ్ళ కంచంలో మారు వడ్డించకండి, పక్కన కూర్చుని ఉన్నమాట ప్రేమగా చెప్పండి. చెప్పి ఊరుకోకండి. రేపు తెల్లవారగానే వాళ్ళ చెప్పులు మీ చేత్తో వాకిట్లో పెట్టి, "రా, నేనూ వస్తాను" అనండి. వాళ్ళు ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా నడవండి. లేవండి, వెళ్ళండి.